పాత ప్లేయర్ పియానోలోకి డౌన్‌లోడ్ చేసిన పాటలు ఎక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, నరసాపురం వైపు చర్చిల్లోనూ సంగీతం నేర్పే చోట్లా, పిల్లలు విదేశాల నుంచి పంపిన ఇళ్ళల్లోనూ ఫ్లాపీ డ్రైవున్న పాత పియానోలు అక్కడక్కడా ఉన్నాయి. వాటిలోకి కొత్త పాటలు ఎక్కించబోయేవాళ్ళకి మళ్ళీ మళ్ళీ అవే సందేహాలు వస్తుంటాయి కాబట్టి ఈ పేజీ. పైనుంచి కిందికి చదవనక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడ చదువుకోండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి: పాట ఎక్కలేదంటే నూటికి తొంభైసార్లు తప్పు ఫైలుదో ఫ్లాపీదో అవుతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ రెండూ చూడండి.

### మొదలుపెట్టే ముందు

మా దగ్గరున్నది ప్లేయర్ పియానోనా, మామూలు డిజిటల్ పియానోనా? తేడా ఏంటండీ?

పాట వేసినప్పుడు మీటలు వాటంతట అవే కిందికి దిగి, లోపల సుత్తులు నిజం తీగల్ని కొడితే అది ప్లేయర్ పియానో. ప్రతి మీట కిందా సోలెనాయిడ్ అనే విద్యుదయస్కాంతం ఉంటుంది. యమహా డిస్క్‌లావియర్ ఈ రకమే. మీటలు కదలకుండా స్పీకర్లోంచి మాత్రమే శబ్దం వస్తే అది డిజిటల్ పియానో. యమహా క్లావినోవా, రోలాండ్ కేఆర్ వరసలో చాలావి ఇలాంటివి. ఫైళ్ళు ఎక్కించే పద్ధతి రెంటికీ దాదాపు ఒకటే. వాయించేటప్పుడు వచ్చే తిప్పలే వేరు.

జపాన్ నుంచి వచ్చిన పియానో. మన ఇంటి ప్లగ్గులో పెట్టేయొచ్చా?

వెనక రేకు మీద ఏ వోల్టేజీ రాసుందో చూడకుండా పెట్టకండి. జపాన్ లోపల అమ్మినది 100 వోల్టులు, అమెరికాలో అమ్మినది 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే పవర్ సప్లై కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. రేకు మీద రాసిన వాట్లకి కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. మీటలు కదిలే పియానో ఒకేసారి పది స్వరాలు గట్టిగా వాయించినప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే ఆ క్షణంలోనే వోల్టేజీ పడిపోయి పాట ఆగిపోతుంది. చాలామంది దాన్ని ఫ్లాపీ లోపం అనుకుంటారు.

మాన్యువల్ పోయింది. మా పియానో ఏ రకం ఫైలు చదువుతుందో ఎలా తెలుసుకోవాలి?

పియానోనే అడగండి. ఖాళీ ఫ్లాపీ పెట్టి, పియానోలో ఉన్న ఫార్మాట్ మెనూతోనే ఫార్మాట్ చేయండి. రికార్డు నొక్కి నాలుగు స్వరాలు వాయించి సేవ్ చేయండి. ఆ ఫ్లాపీని కంప్యూటర్‌లో పెట్టి, ఫైలు పేరు చివర చుక్క తర్వాత ఏముందో చూడండి. ఎమ్ఐడీ అని ఉంటే మామూలు మిడి ఫైళ్ళు, అంటే శబ్దం కాకుండా మీటల సమాచారం దాచే ఫైళ్ళు, చదువుతుంది. ఎఫ్ఐఎల్ అని ఉంటే అది యమహా సొంత ఈ-సీక్ పద్ధతి. అలాగని అది మిడి చదవదని తేల్చేయకండి. తర్వాత తరాల డిస్క్‌లావియర్లు రికార్డు ఈ-సీక్‌లో చేసినా మిడి కూడా వాయిస్తాయి. 1980ల చివర్లో వచ్చిన తొలి తరం మోడళ్ళతోనే చిక్కు. వాటికి ఈ-సీక్‌లోకి మార్చి ఇవ్వాలి.

అదే ఫ్లాపీ మొత్తం సైజు కూడా చూసుకోండి. 720 కేబీయా, 1.44 ఎంబీయా అన్నది పియానో స్వయంగా చెప్పినట్టే.

యూట్యూబ్ నుంచి దించిన ఎంపీ3 పాట ఎక్కుతుందా?

ఎక్కదు. ఎంపీ3లో ఉండేది శబ్దం. పియానోకి కావాల్సింది ఏ మీట, ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు నొక్కాలన్న సమాచారం. అది మిడి ఫైల్లోనే ఉంటుంది. నాలుగు నిమిషాల ఎంపీ3 నాలుగు ఎంబీ దాకా ఉంటుంది కాబట్టి ఫ్లాపీలో ఎలాగూ పట్టదు. అదే పాట మిడిలో అయితే కొన్ని పదుల కేబీలే. ఎంపీ3ని మిడిగా మార్చే సైట్లు ఉన్నాయి. ఒంటి పియానో రికార్డింగ్ అయితే కొంత వస్తుంది. గొంతు, తబలా, వయొలిన్ కలిసిన పాట ఇస్తే మీటల మీద వడగళ్ళు పడ్డట్టే ఉంటుంది.

### డౌన్‌లోడ్ చేసిన ఫైలు

పేరు చివర ఎమ్ఐడీ అనే ఉంది. అయినా పియానో చదవనంటోంది. ఎందుకు?

పేరు నమ్మకండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి నాలుగు అక్షరాలు చూడండి. మిగతాదంతా పిచ్చిగీతల్లా ఉన్నా ఫర్వాలేదు. పెద్ద ఎమ్, పెద్ద టి, చిన్న హెచ్, చిన్న డి ఉంటే అది నిజమైన మిడి. ఆర్ఐఎఫ్ఎఫ్ అని ఉంటే మిడి చుట్టూ మరో కవరు తొడిగిన ఫైలన్నమాట. మిడి ఎడిటర్లో (మిడి ఫైళ్ళు దిద్దే ప్రోగ్రామ్) తెరిచి మళ్ళీ సేవ్ చేస్తే ఆ కవరు పోతుంది. హెచ్‌టీఎమ్ఎల్ అన్న మాట కనిపిస్తే మీరు దించింది పాట కాదు, వెబ్ పేజీ. డౌన్‌లోడ్ బటన్ బదులు లింకు మీద కుడి క్లిక్ కొట్టి సేవ్ చేసినప్పుడు ఇలా అవుతుంది. పీకే అని మొదలైతే అది జిప్ ఫైలు, విప్పాలి. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ నొక్కితే ఫైలు పాడైపోతుంది.

ఫార్మాట్ 0, ఫార్మాట్ 1 అంటారు. ఏది కావాలి?

0 చేసి పెట్టుకోండి. ఫార్మాట్ 1లో ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, బేస్, డ్రమ్స్ వేర్వేరు ట్రాకుల్లో ఉంటాయి. ఫార్మాట్ 0లో అన్నీ ఒకే ట్రాకులో కాలక్రమంలో కలిసిపోతాయి. పాత పియానోలో మెమరీ తక్కువ. పదహారు ట్రాకుల్ని ఒకేసారి చూసుకుంటూ వాయించడం దానికి కష్టం కాబట్టి చాలా మోడళ్ళు 0 మాత్రమే తీసుకుంటాయి. నెట్‌లో దొరికేవి ఎక్కువగా ఫార్మాట్ 1. మ్యూజ్‌స్కోర్ అనే స్వరాలు రాసే ప్రోగ్రామ్ నుంచి ఎగుమతి చేసినా 1గానే వస్తుంది. ఆన్విల్ స్టూడియో అనే మిడి ఎడిటర్లో ఫార్మాట్ 0గా ఎగుమతి చేసే ఆదేశం ఉంది. సెకైజు అనే మరో ఎడిటర్లో కూడా మార్చుకోవచ్చు. అసలు ఫైలుని విడిగా దాచండి. 0గా మార్చాక ఎడమ, కుడి చేతుల భాగాలు వేరు చేయాలంటే కుదరకపోవచ్చు.

కరోకే ఫైలు దొరికింది, చివర కేఏఆర్ అని ఉంది. పనికొస్తుందా?

వస్తుంది. అది పాట మాటలు చేర్చిన మిడి ఫైలే. చివరి మూడక్షరాలు ఎమ్ఐడీగా మార్చి, ఫార్మాట్ 0గా సేవ్ చేయండి.

పేరు తెలుగులో పెట్టాను. పియానో తెర మీద పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

ఆ తెరకి తెలుగు రాదు. ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, అంకెలు మాత్రమే వాడి, చుక్కకి ముందు ఎనిమిది, తర్వాత మూడు అక్షరాలకి మించకుండా పేరు పెట్టండి. ఖాళీలు, గీతలు, బ్రాకెట్లు వద్దు. పెద్ద పేరు పెడితే ఇంకో నష్టం కూడా ఉంది: కంప్యూటర్ ఆ పేరుని ముక్కలు చేసి ఫ్లాపీ సూచికలో రెండు మూడు గడులు ఆక్రమిస్తుంది. 720 కేబీ ఫ్లాపీ సూచికలో ఉన్నవే 112 గడులు. చోటుండగానే నిండిపోయిందన్న సందేశం రావడానికి కారణం ఇదే. ఏ పేరు ఏ పాటో ఒక కాగితం మీద తెలుగులో రాసి డబ్బాలో పెట్టుకుంటే చాలు.

సినిమా పాటల మిడి ఫైళ్ళు దించుకోవడం తప్పా?

మన చట్టంలో స్వరకర్త పోయిన తర్వాత 60 ఏళ్ళదాకా హక్కులుంటాయి. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు కీర్తనలకి ఆ ఇబ్బంది లేదు. అయితే ఎవరో కూర్చుని ఆ కీర్తనని పియానోకి అమర్చి ఉంటే ఆ అమరిక వాళ్ళది. సైట్లో ఏం రాశారో చదివి దించుకోండి.

### ఫ్లాపీ తయారీ

ఫ్లాపీలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతున్నాయి?

సోనీ 2011లోనే తయారీ ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాత నిల్వలే. ఆన్‌లైన్లో సీలు తీయని డబ్బాలు వస్తాయి గానీ, అందులో కొన్ని చెడిపోయి ఉంటాయనుకునే కొనండి. రాజమహేంద్రవరం, కాకినాడల్లో పాత కంప్యూటర్ రిపేరు షాపుల్లో అడిగి చూడొచ్చు. దశాబ్దాలుగా మూలన పడున్న పాత ఆఫీసు ఫ్లాపీలు కూడా పనికొస్తాయి, బూజు లేకపోతే.

720 కేబీ, 1.44 ఎంబీ ఫ్లాపీలకి తేడా ఎలా పోల్చుకోవాలి?

పట్టుకుని వెలుతురులో చూడండి. 1.44 ఎంబీ ఫ్లాపీకి కింది మూలల్లో రెండు రంధ్రాలుంటాయి. ఒకటి రాయకుండా అడ్డుకునే చిన్న తలుపుది, రెండోది సామర్థ్యం చెప్పేది. 720 కేబీ దానికి తలుపున్న రంధ్రం ఒక్కటే. మూత మీద 2డీడీ అని ఉంటే 720, 2హెచ్‌డీ లేదా హెచ్‌డీ అని ఉంటే 1.44. తొలి మోడళ్ళు 2డీడీ మాత్రమే చదువుతాయి.

ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ పెట్టాను. 720గా ఫార్మాట్ చేయడం ఎలా? మెనూలో ఆ మాటే లేదు.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇంగ్లిషులో ఫార్మాట్ అని కొట్టి ఒక ఖాళీ, ఎ కోలన్, ఒక ఖాళీ, స్లాష్ టి కోలన్ 80, ఒక ఖాళీ, స్లాష్ ఎన్ కోలన్ 9 అని కొట్టి ఎంటర్ నొక్కండి. 80 ట్రాకులు, ట్రాకుకి 9 సెక్టార్లు అని అర్థం. 1.44కి అయితే సెక్టార్లు 18. ఫార్మాట్ చేసే ముందు అక్షరం ఎ అన్నది ఫ్లాపీదేనని మై కంప్యూటర్లో చూసుకోండి.

చవక యూఎస్‌బీ డ్రైవుల్లో కొన్నింటికి 1.44 తప్ప వేరేది రాదు. ఆదేశం సరిగ్గా కొట్టినా ఒప్పుకోదు. అప్పుడు దారి ఒక్కటే. పియానోలోనే ఫార్మాట్ చేసి, కంప్యూటర్‌లో ఫైలు కాపీ మాత్రం చేసుకోవడం. అది కూడా కుదరకపోతే డ్రైవ్ మార్చాలి.

1.44 ఫ్లాపీ రంధ్రానికి టేపు అంటించి 720గా వాడొచ్చంటున్నారు. నిజమేనా?

పని చేస్తుంది, కానీ దాని మీద ఆధారపడకండి. టేపుతో డ్రైవ్ దాన్ని 2డీడీ అనుకుంటుంది. హెచ్‌డీ ఫ్లాపీ పూత వేరు. దాని మీద రాతకి కొంచెం ఎక్కువ అయస్కాంత బలం కావాలి. ఇవాళ రాసింది ఇవాళ వాయిస్తుంది, ఆర్నెల్లకి చదవకపోవచ్చు. ఒకసారి 1.44గా వాడేసిన ఫ్లాపీకంటే ఎప్పుడూ వాడనిది నయం. రెండు వైపులా నల్ల ఇన్సులేషన్ టేపు వేయండి. సెల్లోటేపు వద్దు. కొన్ని డ్రైవులు రంధ్రాన్ని కాంతితో చూస్తాయి, పారదర్శకమైన టేపు వాటికి కనపడదు. పైగా ఉక్కకి సెల్లోటేపు జిగురు కారి డ్రైవ్ లోపల అంటుకుంటుంది.

పియానోతో వచ్చిన ఒరిజినల్ ఫ్లాపీ కంప్యూటర్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. చేయనా?

వద్దు! అది పాడైన ఫ్లాపీ కాకపోవచ్చు. యమహా పాటల ఫ్లాపీల్లో కొన్నింటికి కాపీ కాకుండా రక్షణ పెట్టారు. కంప్యూటర్‌కి అవి ఖాళీవిలా కనిపిస్తాయి. అవును అన్నారంటే పాటలన్నీ పోతాయి. ఏ పాత ఫ్లాపీనైనా కంప్యూటర్‌లో పెట్టే ముందు మూల తలుపు జరిపి రంధ్రం తెరవండి. రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తే రాత బంద్ అయినట్టు. తలుపు మూసి ఉంటే విండోస్ అడగకుండానే మొదటి సెక్టార్లో ఒక చిన్న గుర్తు రాస్తుంది. కంప్యూటర్‌కి అదేం లెక్కలోది కాదు, కొన్ని పాత వాద్యాలు మాత్రం దానికే మొండికేస్తాయి.

కాపీ చేసిన పాట కంప్యూటర్‌లో కనిపిస్తోంది, పియానోలో కనిపించట్లేదు.

ఫ్లాపీలో పియానోడిర్ అనే ఎఫ్ఐఎల్ ఫైలు ఉందేమో చూడండి. ఉంటే అది ఈ-సీక్ ఫ్లాపీ. ఆ ఫైలు పాటల పట్టిక. పియానో పట్టికనే చదువుతుంది గానీ ఫ్లాపీ అంతా వెతకదు. పట్టికలో లేని పాట దానికి లేనట్టే. అలాంటి ఫ్లాపీలో మిడి ఫైళ్ళు కలపకండి. మిడి చదివే మోడల్ అయితే వేరే ఖాళీ ఫ్లాపీ మీద మిడి మాత్రమే పెట్టండి. ఈ-సీక్ తప్ప ఏదీ చదవని మోడల్ అయితే ఫైలుని మార్చడంతో పాటు పట్టికని కూడా రాసే ప్రోగ్రామ్ కావాలి. డీకేవీయుటిల్స్ ఆ పని చేస్తుంది.

పట్టిక లేకపోతే ఇంకో రెండు కారణాలు చూడండి. పాటల్ని ఫోల్డర్లో పెట్టి ఉండొచ్చు. పాత పియానోలు ఫోల్డర్ లోపలికి వెళ్ళవు, ఫైళ్ళన్నీ పైనే ఉండాలి. లేదా ఆపిల్ కంప్యూటర్‌లో కాపీ చేసి ఉండొచ్చు. అది చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్ళు వదులుతుంది. కొన్ని వాద్యాలు ఆ మొదటి ఫైలు దగ్గరే ఆగిపోతాయి.

పాటల వరస నేను పెట్టినట్టు రావట్లేదు.

చాలా మోడళ్ళు అక్షరక్రమం చూడవు, ఫ్లాపీలోకి ఏది ముందు వెళ్ళిందో అదే ముందు వాయిస్తాయి. అన్నీ ఎంచుకుని ఒకేసారి లాగి వదలకుండా, ఖాళీ ఫ్లాపీలోకి వరసగా ఒక్కొక్కటే కాపీ చేయండి. మధ్యలో ఒకటి తీసేసి కొత్తది పెడితే ఆ ఖాళీ గడిలోకే కొత్తది చేరుతుంది. ఆదివారం ఆరాధనకి వరస ముఖ్యం అనుకుంటే ఫ్లాపీని మళ్ళీ ఫార్మాట్ చేసి మొదటినుంచి కాపీ చేయడం మేలు.

### ఫ్లాపీయే వద్దనుకుంటే

గోటెక్ పెడితే పెన్‌డ్రైవ్ వాడుకోవచ్చటగా. మా పియానోకి సరిపోతుందా?

వారంవారం కొత్త పాటలు ఎక్కించేవాళ్ళకి ఇదే సరైన దారి. గోటెక్ అనేది ఫ్లాపీ డ్రైవ్ కొలతల్లోనే ఉండే చిన్న పెట్టె. పెన్‌డ్రైవ్‌లోని ఒక్కో ఫైలుని ఒక్కో ఫ్లాపీలా పియానోకి చూపిస్తుంది. పియానోకి తేడా తెలియదు. కొనే ముందు పాత డ్రైవ్ కేబుల్ చూడాలి. వెడల్పాటి బూడిదరంగు పట్టీ, 34 పిన్నులు ఉంటే నేరుగా సరిపోతుంది. కాగితంలా పల్చటి 26 దారుల పట్టీ ఉంటే మధ్యలో అడాప్టర్ బోర్డు కావాలి.

కరెంటు తీసి, ప్లగ్గు కూడా పీకేసి కాసేపు ఆగండి. మీటలు కదిలే పియానోలో సోలెనాయిడ్లకి కరెంటిచ్చే చోట పెద్ద కెపాసిటర్లుంటాయి, వెంటనే చెయ్యి పెట్టకూడదు. పాత డ్రైవ్ ఎలా ఉందో ఫొటో తీసుకోండి. కేబుల్ అంచున ఎర్రగీత ఉన్నది ఒకటో పిన్ను. తిరగేసి పెడితే గోటెక్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. కాలిపోదు గానీ పని చేయదు, తిప్పి పెట్టండి. దానికి 5 వోల్టులు చాలు. 12 వోల్టుల తీగ ఊరికే ఉంటుంది.

గోటెక్ వెనక జంపర్ల (రెండు పిన్నుల్ని కలిపే చిన్న బిళ్ళలు) దగ్గర ఓపిక పట్టాలి. వాద్యాల్లో ఎక్కువగా ఎస్0 మీద ఉంటుంది, కంప్యూటర్లలో ఎస్1. ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (గోటెక్ లోపల నడిచే ప్రోగ్రామ్) వేసుకుంటే జేసీ అనే జంపర్ కూడా పనికొస్తుంది. అది ఖాళీగా ఉంటే 34వ పిన్ను మీద డ్రైవ్ సిద్ధంగా ఉందన్న సంకేతం వెళ్తుంది. మూసి ఉంటే ఫ్లాపీ మారిందన్న సంకేతం వెళ్తుంది. కొన్ని బోర్డులకి మొదటిది కావాలి, కొన్నింటికి రెండోది. ఫ్లాపీ మార్చినా పాత పాటల పట్టికే కనిపిస్తుంటే జేసీ మార్చి చూడండి.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలి. 720 కేబీ ఫ్లాపీ బొమ్మ ఫైలు (ఇమేజ్, అంటే ఫ్లాపీ మొత్తానికి నకలుగా ఉండే ఒకే ఫైలు) సరిగ్గా 7,37,280 బైట్లు, 1.44ది 14,74,560 బైట్లు. ఒక్క బైటు తేడా ఉన్నా అనుమానించండి. అలాంటి ఖాళీ బొమ్మ ఫైళ్ళు చేసి లోపల పాటలు పెట్టడానికి విన్‌ఇమేజ్ అనే ప్రోగ్రామ్ సరిపోతుంది. ఫర్మ్‌వేర్ మార్చకుండా గోటెక్‌తో వచ్చినదే వాడితే దాని సొంత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌ని గడులుగా విడగొట్టుకోవాలి. అది కొంచెం చాదస్తం.

తీసిన పాత డ్రైవ్ పారేయకండి. రక్షణ ఉన్న ఒరిజినల్ ఫ్లాపీలు వాయించాలంటే అదొక్కటే దిక్కు.

పియానో తెరవడం మా వల్ల కాదు. కేబుల్‌తో నేరుగా వాయించొచ్చా?

వెనక మిడి ఇన్ అని అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్టుంటే వాయించొచ్చు. యూఎస్‌బీ-మిడి ఇంటర్‌ఫేస్ కొని, దాని అవుట్ కొనని పియానో ఇన్‌లో పెట్టండి. కొన్ని చవక కేబుళ్ళ మీద పేర్లు తిరగేసి రాస్తారు. శబ్దం రాకపోతే రెండు కొనలూ మార్చి చూడండి. పియానోకి ఏమీ కాదు.

1990ల యమహాల్లో వెనక హోస్ట్ సెలెక్ట్ అనే చిన్న స్విచ్చి ఉంటుంది. మిడి, పీసీ-1, పీసీ-2, మ్యాక్ అని నాలుగు గుర్తులు. అయిదు పిన్నుల సాకెట్టు వాడేటప్పుడు అది మిడి దగ్గరే ఉండాలి. మార్చాక పియానోని ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. అది పక్కకి జరిగి ఉండటం వల్ల సాకెట్టు పోయిందనుకుని రిపేరుకిచ్చేవాళ్ళు బోలెడుమంది. తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా జరిగిపోతుంది మరి.

ఈ పద్ధతిలో ఫైలు ఫార్మాట్ 0, 1 గొడవ లేదు, ఫ్లాపీ గొడవా లేదు. ప్రతిసారీ ల్యాప్‌టాప్ పక్కన ఉండాలి, అంతే.

ఫోన్‌తో కుదురుతుందా?

ఆండ్రాయిడ్ 6, ఆ పైవాటిలో ఓటీజీ కేబుల్ ద్వారా యూఎస్‌బీ-మిడి ఇంటర్‌ఫేస్ పని చేస్తుంది, మిడి ప్లేయర్ యాప్ ఉండాలి. ఫోన్‌కి ఫ్లాపీ డ్రైవ్ తగిలించే ఆలోచన మానుకోండి.

### వాయించేటప్పుడు

పాట నడుస్తోంది, టైమ్ కదులుతోంది, మీటలు మాత్రం కదలట్లేదు.

మిడిలో పదహారు ఛానెళ్ళుంటాయి. పియానో మీటలు ఒకటో రెండో ఛానెళ్ళనే వింటాయి. మీ ఫైల్లో పియానో భాగం నాలుగో ఛానెల్లో ఉంటే మీటలకి ఆ కబురు చేరదు. పియానో మెనూలో పియానో పార్ట్ ఛానెల్ మార్చే చోటుంటే మార్చండి. లేకపోతే ఎడిటర్లో ఆ భాగాన్ని ఒకటో ఛానెల్‌కి జరిపి, వాయిద్యం సంఖ్య 1, అంటే గ్రాండ్ పియానో, అని పెట్టండి. పెడల్ సమాచారాన్ని కూడా అదే ఛానెల్‌కి తేవడం మర్చిపోకండి. స్వరాలు ఒకచోట, పెడల్ ఒకచోట ఉంటే పాట ఎండిపోయినట్టు తెగతెగి వినిపిస్తుంది.

త్యాగరాజ కీర్తన ఎక్కించాం. స్వరాలు సరైనవే, గమకాలు లేవు. ఏం చేయాలి?

తీగల పియానోలో గమకం రాదు. ఫైల్లో గమకాన్ని పిచ్ బెండ్ అనే సమాచారంగా రాస్తారు. బిగించిన తీగని సోలెనాయిడ్ వంచలేదు కాబట్టి పియానో దాన్ని వదిలేసి ఒట్టి స్వరం కొడుతుంది. ఊగాల్సిన గాంధారం కొయ్యబారినట్టు ఉంటుంది. తోడి లాంటి రాగాలైతే పోలికే దొరకదు. మోహనం, హంసధ్వని లాంటివి, నోటు స్వరాలు కొంతవరకు నిలబడతాయి.

పని చేయాలనుకుంటే ఎడిటర్లో పిచ్ బెండ్ చెరిపేసి, జారు ఉన్నచోట ముందు స్వరాన్ని చిన్నగా, తక్కువ బలంతో చేర్చండి. మరీ దగ్గరగా పెట్టకండి. ఒకే మీట మళ్ళీ మోగాలంటే అది తగినంత పైకి లేవాలి. నిలువు పియానోలో గ్రాండ్ కంటే నెమ్మదిగా లేస్తుంది. స్పీకర్ ఉన్న డిజిటల్ పియానోలో పిచ్ బెండ్ పలుకుతుంది. కానీ మామూలుగా దాని పరిధి అటూ ఇటూ రెండు అరస్వరాలే. ఫైలు అంతకంటే ఎక్కువ పరిధి అనుకుని రాసి ఉండి, ఆ సంగతి ఫైల్లో చెప్పకపోతే జారు సగంలో ఆగి అపస్వరం అవుతుంది.

మా గాయని ఒకటిన్నర శృతి అంటారు, మరొకరు అయిదు. పియానోలో ఎలా సర్దాలి?

ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జి. ఫైలు సి శృతిలో ఉంటే ఒకటిన్నరకి ట్రాన్స్‌పోజ్ (ఎన్ని అరస్వరాలు జరపాలో చెప్పే సంఖ్య) +1, అయిదుకి +7 లేదా -5. అయిదుకి -5 పెడితే గొంతుకి దగ్గరగా ఉంటుంది, +7 పెడితే పైస్వరాలు కీచుమంటాయి. ఎడిటర్లో శృతి మారిస్తే పదో ఛానెల్‌ని ముట్టుకోకండి. అక్కడుండేవి తాళ వాద్యాలు. ఒక్కో సంఖ్య ఒక్కో డ్రమ్ము కాబట్టి జరిపితే తాళం గంటగా మారిపోతుంది.

ఫైల్లో తబలా ఉండాలి, మాకు వెస్ట్రన్ డ్రమ్స్ వినిపిస్తున్నాయి.

ఆ ఫైలు యమహా పీఎస్ఆర్-ఐ వరస లాంటి భారతీయ కీబోర్డు మీద చేసినది అయ్యుంటుంది. అందులో తబలా ప్రత్యేక బ్యాంకులో (శబ్దాల గుంపులో) ఉంటుంది. పాత పియానోలో ఆ బ్యాంకే లేదు, తెలిసిన డ్రమ్ కిట్ వాయించేస్తుంది. 1991 నాటి జనరల్ మిడి పద్ధతిలో తబలా కిట్ లేదు. పదో ఛానెల్ మూసేసి, పక్కన మనిషి చేత వాయించుకోవడమే అందం.

పక్క స్పీకర్లో పాట ముందు వస్తోంది, పియానో అరసెకను వెనక మోగుతోంది.

డిస్క్‌లావియర్ కావాలనే అలా చేస్తుంది. మెల్లగా కొట్టే సుత్తి తీగని చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, గట్టిగా కొట్టేది ముందే చేరుతుంది. అన్నీ వరస తప్పకుండా మోగాలని మొత్తాన్ని 500 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి లోపల సర్దుకుంటుంది. మిడి ఇన్ ద్వారా వాయించేటప్పుడు మెనూలో ఈ ఆలస్యాన్ని తీసేయవచ్చు. అప్పుడు మెల్లని స్వరాలు కొద్దిగా వెనకబడతాయి. రెంటిలో మంచిది ఆలస్యం ఉంచి, స్పీకర్ పాటనే ల్యాప్‌టాప్‌లో అరసెకను వెనక్కి జరపడం.

మెల్లగా వాయించాల్సిన చోట కొన్ని స్వరాలు అసలు మోగట్లేదు.

ఫైల్లో ఆ స్వరాల బలం మరీ తక్కువ. బలం 1 నుంచి 127 వరకు ఉంటుంది. శబ్దకార్డు 15 దగ్గర కూడా మోగుతుంది. సుత్తికి మాత్రం తీగ దాకా చేరే ఊపు కావాలి. ఎడిటర్లో అతి తక్కువ బలాన్ని 30, 35 దాకా లేపి చూడండి. పియానో వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టినా ఇదే జరుగుతుంది.

### వాన, ఉక్క, కరెంటు

వేసవిలో బాగా వాయించిన పాటే శ్రావణంలో స్వరాలు మింగేస్తోంది. ఫైలు చెడిపోయిందా?

ఫైలుకి వానాకాలం తెలియదు. డెల్టాలో జూన్ నుంచి నవంబరు తుపాన్ల దాకా గాలిలో తేమ ఎక్కువ. మీటల కింద ఉన్న ఊలు గుడ్డ, చెక్క ఉబ్బి మీట తిరిగి లేవడం ఆలస్యమవుతుంది. కరెంటు ఆపి చేత్తో ఒక్కొక్క మీట నొక్కి వదలండి. బద్ధకంగా లేచేవి తెలిసిపోతాయి. పియానోని బయటి గోడకి ఆనించి పెట్టకండి, జానెడు ఖాళీ వదలండి. ఏసీ వేస్తే రోజూ వేయండి. ఆదివారం మాత్రం వేసి మిగతా రోజులు ఆపేస్తే చెక్కకి మరీ చేటు. లోపల అమర్చే తేమ నియంత్రణ హీటర్లున్నాయి, ట్యూనర్ చేత పెట్టించుకోవచ్చు.

ఫ్లాపీలకి బూజు పట్టింది. తుడిచి వాడొచ్చా?

ముందు డ్రైవ్‌లో పెట్టకండి. లోహపు రెక్క జరిపి, మధ్య చక్రాన్ని వేలితో తిప్పుతూ రెండు వైపులా చూడండి. తెల్లటి చుక్కలో నూగో కనిపిస్తే అది ఫ్లాపీని చదివే డ్రైవ్ హెడ్‌కి అంటుకుంటుంది. ఆ తర్వాత పెట్టిన ప్రతి మంచి ఫ్లాపీనీ గీరేస్తుంది. అందులో పాట మళ్ళీ దొరకనిదైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పియానోలో కాకుండా యూఎస్‌బీ డ్రైవ్‌లో ఒక్కసారి చదివించి కాపీ తీసుకుని పారేయండి. మంచివాటిని బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఆ పొట్లాలు తేమ పీల్చుకుంటే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. స్పీకర్ మీద మాత్రం ఫ్లాపీ పెట్టొద్దు, లోపల అయస్కాంతం ఉంటుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు పాట ఆగిపోతోంది.

మారే ఆ క్షణం ఖాళీ పాత కంప్యూటర్ బోర్డుకి చాలు, రీసెట్ అయిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే ట్రాన్స్‌ఫార్మర్లో గుయ్‌మన్న చప్పుడు కూడా వస్తుంది. సైన్ వేవ్ యూపీఎస్ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్లాపీ మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే సూచికే చెడి పాటలన్నీ పోవచ్చు. వాన, గాలి ఉన్నరోజు రికార్డింగ్, ఫార్మాట్ పెట్టుకోకండి.

డ్రైవ్ చదవడం మానేసింది. మార్చేయాలా?

ముందు క్లీనింగ్ డిస్కుతో హెడ్ శుభ్రం చేయండి. తర్వాత ఆ డ్రైవ్‌లోనే ఫార్మాట్ చేసిన ఫ్లాపీ చదువుతూ, బయట తయారైనది చదవకపోతే హెడ్ పక్కకి జరిగిందని అర్థం. మోటారు తిరిగే చప్పుడే లేకపోతే మూత తీసి చూడండి. కొన్ని పాత డ్రైవుల్లో రబ్బరు బెల్టు ఉంటుంది, ఏళ్ళు గడిచేసరికి తారులా కరిగిపోతుంది. బెల్టు బాగుంటే కేబుల్ మీద పంటిగాట్లున్నాయేమో వెతకండి. కొబ్బరితోటల పక్క ఇళ్ళల్లో ఎలుకలకి ఆ పట్టీ కేబుల్ అంటే మహా ఇష్టం. అడుగున పెడళ్ళ దగ్గరున్న సందుకి సన్నటి ఇనప జాలీ కొట్టించండి.